బావ రూలు

ఏఐ ల్యాబ్‌కి ప్రోలాగ్ కంపైలర్ కావాలని రాస్తే, మూడు కొటేషన్లు తెమ్మంది మా కాలేజీ పర్చేజ్ కమిటీ. నేనడిగింది ఎస్‌డబ్ల్యుఐ ప్రోలాగ్. 1987లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలైంది. ఉచితం. ఉచితానికి కొటేషన్ ఎవరిస్తారు? బిల్లు లేని వస్తువు స్టాక్ రిజిస్టర్‌కి ఎక్కదు.

అప్పటిదాకా మా ల్యాబ్‌లో నడిచింది టర్బో ప్రోలాగ్. బోర్లాండ్ కంపెనీ 1986లో తెచ్చింది. చిన్న మెషీన్ల మీదా చకచకా నడిచేది, నిజమే. కానీ ప్రతిదానికీ ముందే టైపులు చెప్పాలి. ప్రోగ్రాం నడుస్తుండగా కొత్త ఫ్యాక్టుల్ని చేర్చుకుంటుంది గానీ కొత్త రూల్స్‌ని చేర్చుకోదు. పైగా మాది ఎవరో ఎక్కణ్నుంచో తెచ్చిన దొంగ కాపీ.

ప్రోలాగ్‌లో ఏది నిజమో చెప్తే చాలు, జవాబు అదే వెతుక్కుంటుంది. టెక్స్ట్‌బుక్‌లో ఉదాహరణకి 'అంకుల్' అని ఒకటే రూలు. ఒకమ్మాయి దాన్ని విడగొట్టి మేనమామ, పెదనాన్న, బాబాయి అని మూడు రాసింది. "బావ దగ్గర ఆగిపోయాను సార్. అక్క మొగుడూ బావే, మేనమామ కొడుకూ బావే. ఇంటికెళ్లి అమ్మనడిగి రాస్తాను. పెన్‌డ్రైవ్‌లో వేసిస్తారా?" అంది.

ఇవ్వలేకపోయాను. దొంగ సరుకు పిల్ల చేతిలో ఎలా పెడతాను? మరి రోజూ దాంతోనే పాఠం చెప్తున్నానుగా!

ఆ రాత్రే కమిటీకి ఇంకో లెటర్ రాశాను. ధర: సున్నా. విద్యార్థులు ఇంటికి తీసుకెళ్లొచ్చు.

సంతకాలన్నీ అయ్యేసరికి ఆ బ్యాచ్ వెళ్లిపోయింది. బావ రూలు ఈ ఏడాది పిల్లలకి హోంవర్క్.