అద్దెలు పండే కాలనీ

ఉదయం ఏడున్నర. టెంపుల్ బస్టాప్ దగ్గర టిఫిన్ బండి చుట్టూ జనం. ఒక చేతిలో ఇడ్లీ ప్లేటు, భుజాన లాప్‌టాప్ బ్యాగు. బండి పక్కనున్న కరెంటు స్తంభం నిండా కాగితాలే. ‘టులెట్... సింగిల్ రూమ్... బ్యాచిలర్స్‌కు’, ‘టులెట్... డబుల్ బెడ్రూమ్... ఫ్యామిలీకి మాత్రమే’, ‘లేడీస్ హాస్టల్... ఆంధ్రా భోజనం, వైఫై, గీజర్’. ఒకదాని మీద ఒకటి అంటించీ అంటించీ అట్టలా మందం కట్టాయి. ఊళ్లో పొలం కౌలుకిచ్చి బతికిన తరం పిల్లలు, ఇక్కడ స్లాబు మీద స్లాబు వేసి అద్దెకిచ్చుకుంటున్నారు.

ఇది హైదరాబాద్‌లోని కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ. అంత పొడుగు పేరుతో ఎవరూ పిలవరు. కేపీహెచ్‌బీ అంటేనే ఆటోవాలాకైనా, అమెరికాలో ఉన్న అబ్బాయికైనా తెలిసేది. ఆసియాలోకెల్లా పెద్ద కాలనీ అని ఇక్కడివాళ్లు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. ఆ మాట సంగతెలా ఉన్నా, మధ్యతరగతి కుటుంబం అద్దె మీద ఎలా నిలదొక్కుకుందో, ఎక్కడ తడబడిందో చూడాలంటే ఇంతకు మించిన చోటు దొరకదు.

నాలుగు దశాబ్దాల కిందట ఇది ఊరవతల. ఓ పక్క ముంబయి హైవే, మరో పక్క జేఎన్‌టీయూ, మిగిలిందంతా రాళ్లూ తుప్పలూ. హౌసింగ్ బోర్డు వాళ్లు ఆదాయాన్ని బట్టి ఎల్‌ఐజీ, ఎంఐజీ, హెచ్‌ఐజీ లాంటి రకాల ఇళ్లు వేసి, ఫేజులుగా విడదీశారు. గుమస్తాలు, టీచర్లు, ఫ్యాక్టరీ కార్మికులు వాయిదాల్లో డబ్బు కట్టి తీసుకున్నారు. ‘అంత దూరం ఎవరొస్తారు, బస్సు కూడా ఉండదు’ అని చుట్టాలు పెదవి విరిచిన ఇళ్లివి. కొన్నవాళ్లలో ఎక్కువమందికి అద్దె ఆలోచనే లేదు. రిటైరయ్యాక తల దాచుకోవడానికి ఒక గూడు... అంతే.

1998 నవంబరు 22న మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. కాలనీ నుంచి ఎంతో దూరం కాదు. ఒక్కో కంపెనీ వస్తున్నకొద్దీ కుర్రాళ్లు బ్యాగులతో దిగడం మొదలైంది. 2003లో ఎంఎంటీఎస్ రైలు పట్టాలెక్కింది. 2017 నవంబరులో మెట్రో వచ్చింది. కేపీహెచ్‌బీ కాలనీ, జేఎన్‌టీయూ కాలేజీ పేర్లతో స్టేషన్లే వెలిశాయి. తల దాచుకోవడానికి కొన్న గూడు ఇలా బంగారు బాతైంది.

అయితే ఆ బాతు ఒక్క రోజులో గుడ్లు పెట్టలేదు. కాలనీలో ఏ పాత వీధిలోకి వెళ్లినా మేడలు చూసి కథ చెప్పేయొచ్చు. కింద హౌసింగ్ బోర్డు కట్టిన పాత గోడలు. మొదటి అంతస్తుకు మొజాయిక్, రెండో దానికి మార్బుల్, మూడో దానికి విట్రిఫైడ్ టైల్స్. పెద్దమ్మాయి పెళ్లయ్యాక ఒక స్లాబు, పీఎఫ్ డబ్బు వచ్చాక ఇంకొకటి, కొడుకు ఉద్యోగంలో చేరాక మరొకటి. కింది వాటా అద్దె పోగేసి పైవాటా కట్టారు, ఆ అద్దెతో దాని పైది. అప్పు చేసినా కొద్దిగానే. ఓనరు కిందే ఉంటాడు. మోటారు ఆయనే వేస్తాడు, గేటుకు తాళం ఆయనే పెడతాడు, కుళాయి కారితే ప్లంబర్‌కు ఫోనూ ఆయనే చేస్తాడు. అద్దె ఊరకే వచ్చే డబ్బని అనుకునేవాళ్లు ఆయన దినచర్య ఓసారి చూడాలి. మంజీరా నీళ్లొచ్చే వేళ తప్పిపోతే ఆ రోజు మూడంతస్తుల వాళ్లూ మెట్లు దిగి ఆయన తలుపే కొడతారు.

మంచానికి ఇంత!

ఈ కాలనీ కనిపెట్టిన అసలు లెక్క హాస్టల్. ఫ్లాటుకు అద్దె చదరపు అడుగుల్ని బట్టి ఉంటుంది. హాస్టల్‌కు మంచాల్ని బట్టి. రెండు మంచాల గది, మూడు మంచాల గది, నాలుగు మంచాల గది... షేరింగ్ పెరిగినకొద్దీ కుర్రాడికి ఖర్చు తగ్గుతుంది, గదికి రాబడి పెరుగుతుంది. చాలామంది ఓనర్లు ఈ తలనొప్పి తమకెందుకని బిల్డింగ్ మొత్తాన్ని నిర్వాహకుడికి లీజుకిచ్చేస్తారు. ఆయన నెలకు ఇంతని కట్టి, వంటమనిషిని పెట్టి, మిగుల్చుకున్నంత మిగుల్చుకుంటాడు. ఓనరుకు పది వాటాల గొడవ తప్పి ఒకే సంతకం, ఒకే చెక్కు.

ఇందులో ఉన్న చిక్కు 2020లో బయటపడింది. లాక్‌డౌన్ మొదలవగానే హాస్టళ్లు మూసేస్తున్నామని చెప్పడంతో, మార్చి 25న కుర్రాళ్లు, అమ్మాయిలు ఊళ్లకు వెళ్లే పాస్‌ల కోసం నగరంలోని పోలీస్ స్టేషన్ల ముందు బారులు తీరారు. ఖాళీ చేయించొద్దని ప్రభుత్వం హాస్టళ్లవాళ్లకు చెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాత వర్క్ ఫ్రమ్ హోమ్. అమలాపురంలోనో, సత్తెనపల్లిలోనో కూర్చుని పని చేసుకోగలిగినవాడు ఇక్కడ మంచానికి డబ్బెందుకు కడతాడు? అద్దె ఆగినా బ్యాంకు వాయిదా మాత్రం ఆగిపోలేదు. మారటోరియం ఇచ్చినా వడ్డీ పెరుగుతూనే ఉంది. పీఎఫ్ డబ్బుతో, పాత అద్దెలతో మెల్లగా కట్టుకున్నవాళ్లు ఆ గండాన్ని పచ్చడి మెతుకులతోనైనా దాటారు. అప్పు మీద హాస్టల్ లేపినవాళ్లకు మాత్రం నిద్ర పట్టలేదు. ఒకే రకం ఉద్యోగాల మీద, ఒకే రోడ్డు మీద ఆధారపడితే ఇలాగే ఉంటుంది. ఆఫీసులు తెరిచాక కాలనీ మళ్లీ నిండింది కాబట్టి ఈ సంగతి చాలామంది మర్చిపోయారు కూడా!

ఇంకో చిక్కు అంతస్తుల్లో ఉంది. అనుమతి రెండింటికి ఉంటే పైన పెంట్‌హౌస్, ఆ పైన రేకుల షెడ్డు వెలిసిన ఇళ్లు ఇక్కడ కొల్లలు. ఒక కుటుంబం కోసం వేసిన డ్రైనేజీ పైపులో ఇప్పుడు ఇరవైమంది వాడిన నీళ్లు పారాలి. 2015లో ప్రభుత్వం బీఆర్‌ఎస్ తెచ్చింది. (పార్టీ కాదు, భవనాల క్రమబద్ధీకరణ పథకం!) ఆ వ్యవహారం హైకోర్టుకెక్కింది. కొనేవాళ్లకు మాత్రం ఇది గుర్తుండాలి... ప్లానులో లేని అంతస్తు నుంచి అద్దె వస్తుంది కానీ, దాని మీద బ్యాంకు లోను పుట్టడం కష్టం, అమ్మేటప్పుడు ధర పలకడం ఇంకా కష్టం.

బాబాయి లెక్క వేరు, అబ్బాయి లెక్క వేరు

కేపీహెచ్‌బీలో బాబాయికి నెలకు లక్ష అద్దెలొస్తాయని పెళ్లిళ్లలో విని, తానూ ఓ ఫ్లాటు కొని అద్దెకివ్వాలనుకునే అబ్బాయిలు ఇప్పుడు ప్రతి ఇంట్లో ఉన్నారు. వాళ్లు కాగితం మీద వేసుకోవాల్సిన లెక్క ఒకటుంది.

ఫ్లాటు ధర 80 లక్షలు అనుకుందాం. 20 లక్షలు చేతి నుంచి, 60 లక్షలు అప్పు. ఎనిమిదిన్నర శాతం వడ్డీ, ఇరవయ్యేళ్లు. నెల వాయిదా దాదాపు 52 వేలు. మన నగరాల్లో ఇళ్ల అద్దె ఏడాదికి ఆస్తి విలువలో మూడు శాతం అటూ ఇటూగా ఉంటుంది. అంటే 80 లక్షల ఫ్లాటుకు నెలకు 20 వేలు. తక్కిన 32 వేలు జీతంలోంచే పోవాలి. ఆ 20 వేలూ పూర్తిగా చేతికొస్తాయా అంటే, రావు. అద్దెకున్నవాళ్లు మారినప్పుడు ఒక నెల ఖాళీ. బ్రోకర్‌కు కమీషన్. ఆస్తిపన్ను. లిఫ్టు మార్చాలంటే, బోరు ఎండిపోతే అసోసియేషన్ వాళ్లు తలా ఇంత వేస్తారు. అది ఓనరు నెత్తినే.

మరి బాబాయికి ఎలా కుదిరింది? ఆయనకు నేల చవకగా వచ్చింది, అదీ అసలు కిటుకు. ఆయన చేతికి అద్దె వచ్చిందన్నది నిజమే కానీ, ఆయన్ని ధనవంతుణ్ని చేసింది మాత్రం కింద ఉన్న గజాలు. 2025లో ఇదే కాలనీ నాలుగో ఫేజ్‌లో హౌసింగ్ బోర్డు ఏడెకరాల పైచిలుకు స్థలాన్ని వేలం వేస్తే, ఎకరం సుమారు 70 కోట్ల రూపాయలు పలికింది. ఒకప్పుడు బస్సు కూడా రాని చోటు! అపార్ట్‌మెంట్ కొనేవాడికి ఆ నేలలో దక్కేది అవిభాజ్య వాటాగా కొన్ని గజాలే. పైగా భవనం ఏటా పాతబడుతుంది.

అందుకే ఈ మధ్య తెలివైనవాళ్లు కొందరు బాబాయి బాటలోనే చిన్నగా నడుస్తున్నారు. నగరం నడిబొడ్డున ఫ్లాటు బదులు, పెరుగుతున్న అంచున చిన్న ఇల్లు. పైన ఒక వాటా. అప్పు జీతంలో మూడో వంతు దాటకుండా. ఆరు నెలలు అద్దె రాకపోయినా వాయిదా కట్టగలిగేంత డబ్బు విడిగా. చూడ్డానికి ఇది చప్పగా ఉంటుంది. ‘ముందే డబ్బు కట్టండి, ఫ్లాటు పూర్తయ్యేదాకా నెలనెలా అద్దె మేమే ఇస్తాం’ అనే ప్రీలాంచ్ ప్రకటనలే కళకళలాడుతుంటాయి. ఎనిమిది ఫ్లాట్లు దాటినా, స్థలం 500 చదరపు మీటర్లు దాటినా రెరా నంబరు లేకుండా అమ్మకూడదు. నంబరు అడిగితే నీళ్లు నమిలేవాడికి చెక్కు రాయకపోవడమే మేలు.

విదేశాల్లో ఉన్నవాళ్లది ఇంకో కథ. డాలస్‌లో కొడుకు, కేపీహెచ్‌బీలో ఆయన ఫ్లాటు, గుంటూరులో అద్దె వసూలు చేసే నాన్న. ఎన్‌ఆర్‌ఐ ఓనరుకు అద్దె కట్టేవాళ్లు అందులోంచి 31.2 శాతం పన్ను మినహాయించి కట్టాలి. అద్దె ఎంత తక్కువైనా ఇంతే. చాలామందికి ఈ సంగతి నోటీసు వచ్చాకే తెలుస్తుంది. ఇక్కడున్నవాళ్లకూ అద్దె ఆదాయమే. కట్టిన ఆస్తిపన్ను తీసేసి, మిగిలినదాంట్లో 30 శాతం మరమ్మతుల పేరుతో మినహాయింపు ఇస్తారు. ఆ పైన లోను వడ్డీ. కానీ కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకు అద్దె ఇంటి మీద వచ్చిన నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకునే వీల్లేదు. ‘పన్ను మిగులుతుందని కొన్నాం’ అనే మాటకు కాలం చెల్లినట్టే.

ఇక అగ్రిమెంటు పదకొండు నెలలకే ఎందుకు రాసుకుంటారో అద్దెకున్నవాళ్లకూ తెలియదు, చాలామంది ఓనర్లకూ తెలియదు. ఏడాది దాటిన లీజుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి అన్నది జనంలో ఉన్న లెక్క. ఆ ఖర్చు తప్పించుకోవడానికే ఈ పదకొండు. ఖాళీ చేసేటప్పుడు రంగులకని నెల అద్దె పట్టుకునే ఆనవాయితీ మాత్రం ఏ చట్టంలోనూ లేదు. అది వీధి చట్టం!

సంక్రాంతికి మూడు రోజుల ముందు కాలనీకి వెళ్తే మరో రూపం కనిపిస్తుంది. రోడ్డు పొడుగునా ట్రావెల్స్ బస్సులు, సూట్‌కేసులు, బస్సు ఎక్కడుందని ఫోన్లలో అరుపులు. రాత్రి పన్నెండయ్యేసరికి హాస్టళ్ల కిటికీలు చీకటి. పాత ఎల్‌ఐజీ ఇంటి గేటు దగ్గర మాత్రం ఓనరుగారు కుర్చీ వేసుకుని కూర్చుంటారు. పై మూడు వాటాల తాళాలూ ఆయన దగ్గరే. పండగ వెళ్లాక ఎవరు తిరిగొస్తారో, ఎవరు ఊరి నుంచే ఫోన్ చేసి ‘అంకుల్, వేరే చోట జాయిన్ అవుతున్నా, అడ్వాన్స్ గూగుల్ పే చేసేయండి’ అంటారో ఆయన మనసులో ఓ అంచనా ఉంటుంది. అలమరాలో టులెట్ బోర్డు తుడిచి పెట్టుకునే ఉంటారు.