మంటకూ కుచ్చిళ్ళుంటాయి

రోజుకు ఎన్నిసార్లు స్టవ్ వెలిగిస్తామో లెక్కపెట్టుకునే తీరిక మనకెక్కడిది! కానీ ఈసారి పాలు పెట్టినప్పుడు ఒక్క నిమిషం ఆ మంటను చూడండి. దీపం మంట పచ్చగా ఉంటుంది, స్టవ్ మంట నీలంగా ఉంటుంది. ఎందుకని?

దీపానికి గాలి చుట్టుపక్కల నించి, మండేటప్పుడే అందుతుంది. అది చాలక మిగిలిన మసి రేణువులు వేడికి మెరిసి పచ్చటి వెలుగునిస్తాయి. స్టవ్‌లో అలా కాదు. జెట్‌లోంచి దూసుకొచ్చే గ్యాసు, బర్నర్ గొట్టం దగ్గరున్న కంతలోంచి గాలిని లాక్కుని, దానితో కలిసి, ఆ తర్వాత మండుతుంది. పిండీ నీళ్ళూ ముందే కలుపుకుని అట్టు పోసినట్టన్నమాట. హైడెల్బెర్గ్‌లో బున్సెన్ 1855లో చేయించిన బర్నర్‌దీ ఇదే పద్ధతి.

ఇలా ముందే కలిసి మండే మంటల మీదే మా అక్క కూతురు చెన్నైలో పీహెచ్‌డీ చేస్తోంది. "పొయ్యిలో మంట గురించి అయిదేళ్ళ చదువా? ఇంకెప్పుడు పెళ్ళి?" అని చుట్టాలంతా అక్క ప్రాణం తీస్తుంటే, అక్క కూడా "ఇక చాలించవే" అనడం మొదలుపెట్టింది. నాకు మాత్రం అసలదేమిటో తెలుసుకోవాలనిపించింది. అడిగితే, వంటింట్లో కూర్చుని పూసగుచ్చినట్టు చెప్పింది.

గ్యాసూ గాలీ సరైన పాళ్ళలో కలిసి కదలకుండా ఉంటే, మంట అందులో సెకనుకు సుమారు 40 సెంటీమీటర్లు పాకుతుందట. మూరెడు మల్లెపూల కంటే కాస్త తక్కువ! కారు ఇంజన్‌లోనూ ఇదే వేగం అనుకోండి. 4 సెంటీమీటర్లు పాకడానికి సెకనులో పదో వంతు కావాలి. నిమిషానికి 3000 చుట్లు తిరిగే ఇంజన్ ఈలోగా 5 చుట్లు తిరిగేస్తుంది. మరి కారెలా నడుస్తోంది?

సుళ్ళ వల్ల. అగరొత్తి పొగ చూడండి. కొంత ఎత్తు తిన్నగా లేచి, ఆపైన మెలికలు తిరుగుతుంది. ఇంజన్ లోపల గాలి అంతకన్నా జోరుగా సుళ్ళు తిరుగుతూ మంటను ముడతలు పెడుతుంది. అయిదున్నర మీటర్ల చీర కుచ్చిళ్ళు పోస్తే కొద్ది వెడల్పులో ఇమిడినట్టు, ముడతలుపడ్డ మంట కొద్ది చోటులోనే ఎక్కువ మేర మండుతుంది. ఈ సంగతి డామ్‌కోలర్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1940లోనే చెప్పాడు.

చిక్కల్లా లెక్కలోనే. మంట మందం మిల్లీమీటరు లోపే. సుళ్ళలో పెద్దవీ ఉంటాయి, కంటికానని చిన్నవీ ఉంటాయి. ప్రతి కుచ్చిలినీ లెక్కించబోతే పెద్ద కంప్యూటర్లు కూడా చేతులెత్తేస్తాయి. అందుకని సగటున ఎన్ని ముడతలుంటాయో అంచనా కట్టే సూత్రాలు రాస్తారు. సుళ్ళు ఎంత త్వరగా చీలిపోతే మంట అంత త్వరగా కాలుతుందని 1971లో స్పాల్డింగ్ అనే ఆయన ఒక సూత్రం కట్టాడు. అన్ని మంటలకూ సరిపడే సూత్రం మాత్రం ఇప్పటికీ లేదు. కరెంటు తీసే గ్యాస్ టర్బైన్లలో గ్యాసు తక్కువ, గాలి ఎక్కువ కలిపితే విషవాయువులు తగ్గుతాయి. మరీ తగ్గిస్తే మంట వణికి ఆరిపోతుంది. ఎంతవరకు తగ్గించొచ్చో చెప్పడానికే ఈ లెక్కలు.

ఇక మన వంటిల్లు. లీకైన గ్యాసు కూడా గాలితో ముందే కలిసిపోయిందే కదా! గాలిలో నూటికి సుమారు 2 నించి 9 పాళ్ళు చేరితే చాలు, చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. గాలికన్నా బరువు కనక నేలబారున పరుచుకుంటుంది. అంటుకున్న మంట బల్లలకూ అలమరలకూ తగిలినకొద్దీ సుళ్ళు రేగి, ముడతలు పెరిగి, వేగం పుంజుకుంటుంది. అంచేత వాసన రాగానే ఏ స్విచ్చీ వెయ్యకండి, ఆర్పకండి. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులూ కిటికీలూ తెరిచి, బయటికొచ్చి 1906కి ఫోన్ చెయ్యండి. లీకు ఎక్కడుందో చూడ్డానికి సబ్బునీళ్ళే వాడాలి, అగ్గిపుల్ల ఎప్పుడూ వద్దు.

ఇదంతా విన్నాక అక్కతో ఒకటే అన్నాను: "పిల్ల చదివేది పొయ్యి గురించే. ఆ పొయ్యి దగ్గర నిలబడేది మనమే కదే!" అక్క ఏమీ మాట్లాడలేదు. కానీ మర్నాడు ఒకావిడ ఫోన్ చేసి సంబంధం మాటెత్తితే, "దాని థీసిస్ అవనీండి" అంది.

మీ ఇంట్లోనూ అర్థంకాని చదువేదో చదివే ఆడపిల్ల ఉంటే, పెళ్ళెప్పుడని అడిగేముందు, అదేమిటో కాస్త చెప్పమని అడిగి చూడండి.