పక్క బల్ల మీది పొగ

మదనపల్లె పక్కనున్న ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయం 1915లో ప్రారంభమైంది. డెన్మార్కు దేశీయుడైన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ దానికి తొలి అధిపతి. క్షయకు మందులు లేని ఆ రోజులలో మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారమే చికిత్స. ఇక్కడి గాలి కోసం దూరప్రాంతాల నుండి రోగులు వచ్చేవారు. అటువంటి ఊరిలో, హోటలులో కూర్చున్నవానికి పొగలేని గాలి అడిగే హక్కు ఉన్నదా అని నేటికీ వాదించుకొంటున్నాము.

చట్టం ఈ ప్రశ్నకు ఎప్పుడో సమాధానం చెప్పింది. బహిరంగ స్థలాలలో ధూమపానాన్ని సుప్రీంకోర్టు 2001 నవంబరులో నిషేధించింది. 2003లో పొగాకు నియంత్రణ చట్టం వచ్చింది. 2008 అక్టోబరు 2 నుండి అమలైన నిబంధనలు హోటళ్లను, బార్లను కూడా ఇందులో చేర్చాయి. ఉల్లంఘిస్తే జరిమానా 200 రూపాయల వరకు. ముప్పై మంది లేదా అంతకు పైగా కూర్చునే హోటలు మాత్రం పొగ తాగేవారికి వేరుగా గది ఏర్పాటు చేసుకోవచ్చు. ఆ గదిలో వడ్డన వంటి ఏ సేవా అందించరాదని తరువాత చేర్చారు. అంటే గ్లాసు, సిగరెట్టు ఒకే బల్ల మీద ఉండడం చట్టవిరుద్ధమే.

మరి జనాభిప్రాయం? నేను వైద్యం చేసిన రోజులలోనూ, విశ్రాంత జీవితంలోనూ ఈ మాట చాలామందిని అడిగాను. టిఫిను హోటలులో పొగ వద్దని అందరూ అంటారు. బారు అనేసరికి గొంతు మారుతుంది. "ఇష్టం లేనివాడు బారుకు ఎందుకు రావాలి?" అంటారు కొందరు. "వద్దంటే గిరాకీ పక్క బారుకు పోతుంది" అంటారు యజమానులు.

ఈ రెండు మాటలలోనూ ఒక మనిషి కనబడడు: వడ్డించేవాడు. ఒక బారు సర్వరు దగ్గుతో, ఆయాసంతో నా దగ్గరకు వచ్చేవాడు. జీవితంలో బీడీ ముట్టలేదు. క్షయ పరీక్షలలో ఏమీ తేలలేదు. పొగలేని చోట పని చూసుకొమ్మన్నాను. "మానేస్తే ఇల్లెట్ల జరగతాది సార్?" అన్నాడు. మందులు రాసి ఇచ్చాను. సాయంత్రానికి అతడు మళ్లీ ఆ పొగలోకే వెళ్లాడు. ఇష్టం లేనివాడు రాకూడదనే నియమం అతనికి ఎట్లా వర్తిస్తుందో మీరే చెప్పండి.

ఇతరుల పొగ పీల్చేవారికి గుండెజబ్బు ముప్పు 25 నుండి 30 శాతం, ఊపిరితిత్తుల క్యాన్సరు ముప్పు 20 నుండి 30 శాతం పెరుగుతుందని అమెరికా సర్జన్ జనరల్ 2006 నివేదిక తేల్చింది. గాలిమరలు, కిటికీలు ఈ ముప్పును పూర్తిగా తొలగించలేవని కూడా చెప్పింది.

ఐర్లండు 2004 మార్చి 29న పబ్బులతో సహా పనిచోట్లన్నిటా ధూమపానాన్ని నిషేధించింది. వ్యాపారం మునిగిపోతుందని అక్కడా గగ్గోలు పెట్టారు. తరువాత డబ్లిన్‌లో 73 మంది పబ్బు పనివారిని పరీక్షించగా, పొగ తాగనివారిలో శ్వాస మెరుగుపడింది. పబ్బుల గాలిలోని సూక్ష్మ ధూళికణాలు 83 శాతం తగ్గాయి. అన్ని పబ్బులకూ ఒకే రోజున ఒకే నియమం వచ్చినప్పుడు గిరాకీ పోవడానికి పక్క పబ్బు ఏది? మన యజమానుల భయానికి సమాధానం సడలింపు కాదు, అందరి మీదా సమానమైన అమలు.

ఇక మీరు చేయగలిగినది చిన్నదే. బల్ల మీద యాష్‌ట్రే కనబడితే తీసివేయమని యజమానిని మర్యాదగా అడగండి; దానిని ఉంచడం కూడా నిబంధనలకు విరుద్ధమే. పొగ తాగే అలవాటు మీకే ఉంటే, లేచి ఆరుబయటికి వెళ్లండి. మానాలనుకొంటే 1800-11-2356 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు. మీకు వడ్డించిన వ్యక్తి మీ పొగను బిల్లులో వేయడు. దాని వెల తన ఊపిరితిత్తులతో తానే చెల్లిస్తాడు.