అచ్చు కాగితేనే గుండు

జగిత్యాల కోటకు వచ్చినవాళ్లంతా ఫిరంగుల దగ్గర ఫొటోలు దిగుతారు. 1747లో ఇబ్రహీం ఖాన్ ధంసా కట్టించిన నక్షత్రాకారపు కోట అది, చుట్టూ కందకం. నా ధ్యాస మాత్రం ఆ కాలపు తుపాకుల మీదికి పోయింది. సిపాయిలు సీసం కరిగించి, చిన్న అచ్చులో గుండ్లు తామే పోసుకోవడం అప్పట్లో మామూలే. ఆ పనితనం ఇప్పుడు వలల కోసం బతికుంది. విసురువల అంచుకు కట్టే సీసపు గుండ్లు ఇంటి దగ్గర పోసుకునేవాళ్లను చూద్దామనే బయల్దేరాను.

కోరుట్లలో ఆగింది సీసం కోసం. పాత సామాన్ల కొట్టులో టైర్ల బ్యాలెన్సింగ్ బిళ్లలు కుప్పగా ఉన్నాయి. కొట్టాయన ఒక్కోదాన్నీ మేకుతో గీకి వేరుచేశాడు. సులువుగా గీత పడితే సీసం, గట్టిగా ఉంటే జింకో ఇనుమో. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, జింకుకు 419 కావాలి. జింకు కలిస్తే సీసం గంజిలా చిక్కబడి అచ్చు మూలలకు పారదు. బ్యాటరీ ప్లేట్లు చవకే గానీ వద్దన్నాను. వాటిని కరిగిస్తే వచ్చే పొగ విషం.

కథలాపూర్, రుద్రంగి, చందుర్తి, వేములవాడ దాటితే సిరిసిల్ల. మరమగ్గాల చప్పుడు వెనకబడ్డాక మిడ్ మానేరు నీళ్లు కనిపించాయి. ఒడ్డు దగ్గరి వాడలో ఒక పెద్దమనిషి ఇంటి వెనక, చెట్టుకింద పొయ్యి పెట్టాడు. రెండు చెక్కల ఇనుప అచ్చును చిమ్నీ మంటకు పట్టి లోపల మసి పట్టించాడు. సీసం కరిగి మెరుస్తోంది. పోయొచ్చుగా బాపూ అన్నాను.

“సీసం కాగింది సారూ, అచ్చు కాగలే. సల్లటి అచ్చుల పోస్తే ముడుతలు వస్తయి.”

ఒకటి పోసి చూపించాడు. సీసం పడీపడగానే గడ్డకట్టింది. గుండు ఒంటినిండా ముడుతలు, ఓ పక్క మూల నిండలేదు. దాన్ని మళ్లీ మూకుట్లో వేసి, అచ్చును పొయ్యి అంచున ఆనించాడు. నా దగ్గరున్న ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ మెరిసే సీసం మీద తక్కువ అంకె చూపింది. మెరిసే లోహాల మీద దాన్ని నమ్మకూడదు. మసిపట్టిన అచ్చు మీద మాత్రం సరిగ్గా పనిచేసింది. నూట డెబ్బై దాటాక వచ్చిన గుండ్లు నున్నగా, నిండుగా ఉన్నాయి. ఆయన ఆ అంకె వైపు చూడనేలేదు. పోసే రంధ్రం దగ్గర సీసం మెరుపు తగ్గి మసకబారడానికి ఎంతసేపు పడుతుందో అదే చూశాడు. మరీ ఆలస్యమైతే అచ్చు ఎక్కువ కాగినట్టు. అప్పుడు గుండు పైన తెల్లగా పొడిబారినట్టు వస్తుంది, రెండు చెక్కల సందులోంచి సీసం రెక్కలా పొంగుతుంది. అలాంటప్పుడు అచ్చు తెరిచి గాలికి పెడతాడు. నీళ్లు దగ్గరికి రానివ్వడు. కరిగిన సీసంలో ఒక్క చుక్క పడినా ఆవిరి పేలి మొహం మీదికి చిమ్ముతుంది.

కోడలు పిల్లాణ్ణి ముందు వాకిట్లోనే పెట్టుకుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ జాగ్రత్తే. సీసం ఇంత వరకు ఒంట్లోకి పోయినా పర్వాలేదనే హద్దు పిల్లలకు లేదు, అది మెదడునే దెబ్బతీస్తుంది. ఇంకా వంటింటి పొయ్యి మీదే పోసేవాళ్లు దయచేసి బయటికి రావాలి. సీసానికి వాడిన మూకుడులో మళ్లీ కూర వండొద్దు.

ముడుతల గుండ్లు వాడితే ఏమవుతుందని అడిగాను. ఆయన వల అంచు ఎత్తి చూపించాడు. నిండని గుండు తేలిక. తేలికైనవన్నీ ఒక పక్కకు చేరితే వల గుండ్రంగా విచ్చుకోదు, ఆ పక్క అంచు ఆలస్యంగా అడుక్కి చేరుతుంది. “శాప గాడికెల్లే జారిపోతది,” అన్నాడు.