ఓరుగల్లు కోట – కొల్లూరు గని

ఖిలా వరంగల్‌లో మట్టికోట గవని దాటి లోనికి పోవువారికి ముందుగా కానవచ్చునవి శిథిలములు కావు. ఇండ్లు, చేలు, బావులు. ఏడువందల యేండ్లకు పూర్వము రాజధానియై వెలసిన ఆ స్థలమున నేటికిని జనులు కాపురముండి, ప్రాకారముల నడుమనే సేద్యము చేసికొనుచున్నారు. రాతికోట నడిబొడ్డున స్వయంభూదేవుని ఆలయముండిన చోట నాలుగు దిక్కుల నాలుగు శిలాతోరణములు నిలిచియున్నవి. గుడి నేలమట్టమైనది, గుడికి వాకిళ్లైన తోరణములు మాత్రము నిలిచినవి. 2014లో ఏర్పడిన తెలంగాణ రాష్ట్రము తన రాజముద్రలో చేర్చుకొన్నది ఈ తోరణమునే.

కాకతి గణపతిదేవుడు (1199–1262) అనుమకొండ నుండి రాజధానిని ఇచటికి మార్చి రాతికోటను కట్టింప నారంభించెను. అతని కుమార్తె రుద్రమదేవి (1262–1289) దానిని పూర్తి గావించెను. ఆ కాలమున ఓరుగంటికి సముద్రద్వారము మోటుపల్లి రేవు. గాలివానకు పగిలిన ఓడలలోని సరకును పూర్వపు రాజులు బలవంతముగా లాగికొనుచుండగా, తాను నిర్ణీతమైన సుంకము దప్ప మరేమియు గైకొననని గణపతిదేవుడు 1244–45లో అచట అభయశాసనము వేయించెను. పరదేశపు ఓడలు నిర్భయముగా వచ్చినవి.

ఆ ఓడల జాడనే మార్కోపోలో అను వెనిసు నగరపు యాత్రికుడును తెలుగుదేశమును గూర్చి తెలిసికొనెను. ఇచట ఒక రాణి న్యాయముగా పాలించుచున్నదనియు, ఈ దేశమున వజ్రములు దొరకుననియు అతడు వ్రాసెను. వజ్రములు లభించు విధమును చెప్పుచు, మనుష్యులు దిగజాలని లోయలున్నవనియు, అందు పాములు నిండియుండుననియు, పైనుండి మాంసఖండములు విసరగా వానికి వజ్రములు అంటుకొనుననియు, గ్రద్దలు ఆ మాంసమును పైకి తెచ్చుననియు ఒక కథ చెప్పెను. గ్రద్దల కథ అనేక దేశములవారు చెప్పుకొన్నదే. సింద్‌బాదు కథలు చదివిన బాలురకు అది క్రొత్త కాదు. కాని అదే చోట అతడు చెప్పిన మరియొక మాట నూటికి నూరుపాళ్లు నిజము. వానలు కురిసి కొండవాగులు పారి తగ్గిన తరువాత, జనులు ఆ వాగుల అడుగున వజ్రములు వెదకుదురట. కర్నూలు ప్రాంతమున జొన్నగిరి, తుగ్గలి పొలములలో తొలకరి పడగానే నేటికిని జనులు నేలవైపు చూచుచు నడచుట చూచినవారు ఈ మాటను నమ్మకమానరు.

వజ్రముల ప్రఖ్యాతి మేలు చేసినంతగా కీడును చేసినది. 1310లో మాలిక్ కాఫూరు సైన్యము ఓరుగల్లును ముట్టడించి, ప్రతాపరుద్రుని యొద్ద కప్పముగా గైకొన్న ధనమును వెయ్యి ఒంటెలపై తరలించుకొని పోయెనని అమీర్ ఖుస్రూ వ్రాసినాడు. 1323లో కోట పడిపోయినది. ప్రతాపరుద్రుడు బందీయై ఢిల్లీకి పోవుచు దారిలోనే మరణించెను. ఓరుగంటికి సుల్తాన్‌పూరు అని పేరు పెట్టబడెను. ఆ పేరు నిలువలేదు, ఊరు నిలిచినది.

ఎందులకు నిలిచినది? కాకతీయులు రాళ్లను మాత్రమే నమ్ముకొన్నవారు కారు. పాకాల, రామప్ప, లక్నవరము చెరువులు వారి కాలమున త్రవ్వబడినవే. ధనాగారము ఒంటెలపై పోయినను చెరువులను ఒంటెలపై తీసికొనిపోవుటకు వీలులేదు గదా! ఆ చెరువుల నీటితో నేటికిని వరి పండుచున్నది. తరువాతి కాలమున వరంగల్లు తివాచీలకు పేరొందినది. 1851లో లండనునందు జరిగిన మహాప్రదర్శనలో కోహినూరు వజ్రమును చూపిరి. ఓరుగంటి తివాచీలను కూడ చూపిరి. వజ్రము ఆ దేశముననే ఉండిపోయినది. నేతపని వరంగల్లునందే ఉన్నది.

కోహినూరు ఓరుగంటి భద్రకాళి నేత్రమని కొందరు చెప్పుదురు. కృష్ణాతీరమందలి కొల్లూరు గనిలో దొరకెనని మరికొందరు చెప్పుదురు. ఈ రెండు మాటలను కలిపి చెప్పువారును కలరు. కాని కొల్లూరు గని తనకు నూరేండ్లకు ముందు, అనగా 16వ శతాబ్దిలో, బయటపడినదని టావెర్నియర్ అను ఫ్రెంచి రత్నవర్తకుడు వ్రాసియున్నాడు. అది నిజమైనచో, 14వ శతాబ్దిలో ఓరుగంటినుండి పోయిన రాయి కొల్లూరుది కాజాలదు. రాళ్ల కథలను ఇంత శ్రద్ధగా వాదించుకొనువారు ఆ రాళ్లను త్రవ్వినవారి ఊరు ఏమైనదని విచారింపరు.

గుంటూరు ప్రాంతమున కొల్లూరను పేర మరియొక గ్రామమును కలదు, అది వేరు. గనిగల కొల్లూరు పల్నాటి సీమలో, బెల్లంకొండకు చేరువను, కృష్ణ కుడిగట్టున ఉండెను. టావెర్నియర్ గోలకొండనుండి ఏడు దినములు ప్రయాణము చేసి అచటికి పోయెను. ఆ గనిని దేశభాషలో ‘గని’ యందురని అతడు వ్రాసినాడు! ఎవరినో వ్రేలుపెట్టి ‘అదేమి?’ అని అడిగియుండును. వారు ‘గని’ యనియుందురు. అతడు దానినే పేరుగా వ్రాసికొనెను కాబోలు.

ఒక పేదవాడు చిరుధాన్యము విత్తుటకు నేల త్రవ్వుచుండగా ఇరువదియైదు క్యారట్ల రాయి దొరకినదట. అతడు దానిని గోలకొండకు తీసికొనిపోయి చూపినాడు. అంతట వర్తకులు, కూలీలు, కాపలావారు ఆ బీడుభూమిమీదికి వరదవలె వచ్చిపడిరి. 17వ శతాబ్ది తొలిపాదమున మచిలీపట్టణపు ఇంగ్లీషు వర్తకశాలలోనుండిన మెథ్‌వోల్డ్ అచట ముప్పదివేలమంది పనిచేయుట చూచెను. ఆ శతాబ్ది మధ్యమున టావెర్నియర్ అరువదివేలమందిని చూచెను. గని రాజుది, దానిని గుత్తకిచ్చుచుండిరి. చిన్న రాళ్లు గుత్తదారునివి, పది క్యారట్లకు మించినవి రాజువి.

అచటి పని ఇట్లు సాగెడిది. ముందుగా ఒక చోట నేలను చదునుచేసి, చుట్టును రెండడుగుల గోడ పెట్టుదురు. తరువాత పనివారందరును దేవతావిగ్రహము నెదుట మ్రొక్కి, విందారగించి పనిలో దిగుదురు. పురుషులు పది, పండ్రెండు, పదునాలుగు అడుగుల లోతున నీరు పడువరకు త్రవ్వుదురు. స్త్రీలును పిల్లలును ఆ మన్ను మోసికొనిపోయి గోడ లోపల పోయుదురు. గోతులలోని నీటిని కుండలతో తోడి ఆ మన్నుపై పోసి, ఒకటి రెండు దినములు నాననిచ్చి, బురదనీరు గోడ కన్నములగుండ పోనిత్తురు. మిగిలిన దానిని ఎండబెట్టి, ధాన్యమువలె చేటలతో చెరిగి, గడ్డలను రోకళ్లతో పొడిచేసి, మరల చెరిగి, చివరకు చేతులతో ఏరుదురు. కళ్లమున రైతు చేయు పనులే ఇవియన్నియు. కాని కళ్లమునుండి రైతు ఇంటికి ధాన్యము పోవును. ఇచటినుండి పనివాని ఇంటికి పోవునది కూలి మాత్రమే.

ఆ కూలి ఎంత? కర్నూలు సీమలోని రామళ్లకోట గనిలో బాగుగా పని తెలిసినవానికి ఏడాదికి మూడు వరహాలని టావెర్నియర్ లెక్క చెప్పినాడు. కృష్ణాతీరపు గనులలో దొరకిన 410 క్యారట్ల రాయి నొకదానిని, మద్రాసు గవర్నరు థామస్ పిట్ 1702 ప్రాంతమున 48,000 వరహాలకు కొనెను. అదియే నేడు పారిసులోని లూవ్రు ప్రదర్శనశాలలో ఉన్న ‘రీజెంటు’ వజ్రము. నలువదియెనిమిది వేలను మూడుచేత భాగించినచో పదునారువేలు వచ్చును. టావెర్నియర్ చెప్పిన కూలి లెక్కన, ఒక పనివాడు ఆ రాయి ధరను సంపాదించుటకు పదునారువేల యేండ్లు పనిచేయవలెను.

అదే రామళ్లకోటలో టావెర్నియర్ చూచిన మరియొక దృశ్యము ఈ పుస్తకము చదువు వయసువారికి ఆసక్తి గొల్పును. ప్రతి ఉదయమును పది మొదలు పదునారేండ్ల వయసుగల వర్తకుల కుమారులు ఊరి నడుమ పెద్ద చెట్టుక్రింద కూర్చుందురు. ఒక ప్రక్క తూనికరాళ్ల సంచి, ఇంకొక ప్రక్క వందలకొలది వరహాల సంచి. ఎవడైన రాయి తెచ్చి చూపినచో, అది పెద్దవాని చేతినుండి చివరివాని చేతివరకు మాటలేకుండ పోయి తిరిగి వచ్చును. ఆ తరువాత పెద్దవాడు ధర అడుగును. సాయంకాలమున లాభమును పంచుకొందురు. ఆ బాలుర నేర్పును మెచ్చుకొనవలసినదే. కొల్లూరులో మన్ను మోసిన పిల్లలు కూడ ఈ వయసువారే. వారికి చెట్టునీడయు లేదు, సంచియు లేదు.

కొల్లూరు ఇండ్లను గూర్చి మెథ్‌వోల్డ్ చెప్పిన మాట గమనింపదగినది. అవి మిక్కిలి నాసిరకపు ఇండ్లట; స్థిరముగా ఉండుటకు కట్టినవి కావట; గని బాగున్నంతకాలము ఊరు పెరుగును, బాగులేనినాడు విడిచిపెట్టి పోవుటయే. తినుబండారములు దొరకునుగాని, దారిపొడవున సుంకములు పడుటచే ధరలు మండిపోవుచుండెనట. 1622లో గని మూసివేయబడినది, జనులు వెళ్లిపోయిరి. వజ్రములు మరీ చౌకయగునన్న భయముచేతనని కొందరు చెప్పిరి. మొగలు చక్రవర్తి రాయబారి మేలిరాళ్లను కోరుటచేతనని మరికొందరు చెప్పిరి. కారణమేదైనను, రాయి తరిగిపోకముందే ఒక ఆజ్ఞతో వేలమంది నివసించు ఊరు ఖాళీయైనది. గని మరల తెరువబడిన తరువాతనే టావెర్నియర్ దానిని చూచెను.

గనియూరును గూర్చిన ఆలోచన నేడు భూమిని దాటి చంద్రునివరకు పోయినది. చంద్రునిపై నీటి జాడ కలదని 2008లో భారతదేశము పంపిన చంద్రయాన్-1 పరికరములు తెలిపినవి. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దక్షిణ ధ్రువమునకు చేరువలో దిగినది. ధ్రువములకడ ఎన్నడును ఎండ సోకని గుంటలలో, మిక్కిలి చల్లనైన చీకటిలో, మంచుగడ్డ ఉన్నది. దానిని త్రవ్వి త్రాగునీటిని, ఊపిరిగాలిని, రాకెట్టు ఇంధనమును తీయవచ్చునని శాస్త్రజ్ఞులు లెక్కలు వేయుచున్నారు. ఏ దేశమును చంద్రుని తనదనరాదని 1967 నాటి ఒడంబడిక చెప్పుచున్నది. త్రవ్వి తీసినది ఎవరిదగునను విషయమున దేశములు ఇంకను తర్కించుకొనుచున్నవి. కొల్లూరు కూలీకి ధాన్యము దూరమునుండి రావలసియుండెను. అచటి పనివానికి తినుటకు కావలసినదంతయు తొలుత భూమినుండియే పోవలెను. గని మూసినపుడు కొల్లూరు కూలీ నడచి తన ఊరికి పోగలిగెను. అంతమాత్రపు సౌకర్యము చంద్రునిపై ఉండదు.

కొల్లూరు రెండవ పతనము నెమ్మదిగా వచ్చినది. 1687లో గోలకొండ ఔరంగజేబు వశమైనది. 1720 తరువాత బ్రెజిలు వజ్రములు, 1870 తరువాత దక్షిణాఫ్రికా వజ్రములు ఐరోపా బజారులను నింపినవి. గోతులు పూడిపోయినవి. టావెర్నియర్ చెప్పిన గని ఏది యని విద్వాంసులు వెదకవలసిన స్థితి వచ్చినది. 1889లో అతని గ్రంథమును ఇంగ్లీషులోనికి అనువదించిన వాలెంటైన్ బాల్ అది కొల్లూరేయని నిర్ణయించెను. అరువదివేలమంది వసించిన చోట మిగిలినది ఒక చిన్న పల్లె. ఆ పల్లెవారు మరల నేలనే నమ్ముకొనిరి. ఎవడో పేదవాడు విత్తుటకు త్రవ్విన కాలమునాటివలెనే దున్నుకొని బ్రదికిరి.

తరువాత వారికి మరియొక ఆజ్ఞ వచ్చినది. కృష్ణపై పులిచింతల ఆనకట్ట కట్టబడి 2013 డిసెంబరులో ప్రారంభింపబడెను. 45.77 టి.ఎం.సి.ల నీరు పట్టు ఆ జలాశయమున కొల్లూరు మునిగిపోయినది. ఊరివారు వేరుచోట్ల ఇండ్లు కట్టుకొనిరి. ఓరుగంటిలో తోరణములను చూచుటకు దూరదేశములనుండి జనులు వచ్చుచున్నారు. కొల్లూరులో చూపుటకు ఒక రాయియు లేదు, అచటి రాళ్లు పరదేశములందు మెరయుచున్నవి. కుండలతో నీరు తోడి మన్ను కడిగిన గోతులపై ఇపుడు నీరు నిండియున్నది. వానకాలమున ఆ నీటిని విడువగా, అది ప్రకాశము బరాజు చేరి, కాలువలగుండ కృష్ణా డెల్టా వరిమడులకు పారుచున్నది.