అట్లాంటా ప్రాంతమున ధూమపాకము

అమెరికాదేశమున జార్జియా రాష్ట్రమునకు ముఖ్యపట్టణమైన అట్లాంటా చుట్టును మన సీమలందువలెనే ఎఱ్ఱమన్ను కానవచ్చును. నగరమున కుత్తరముగా నున్న ఆల్ఫరెట్టా ప్రాంతమున తెలుగువారి కాపురములు పెక్కు కలవు. మావారి పాఠశాలకు వేసవి సెలవులగుటచే మే మచ్చట మా చెల్లెలి యింట నుండి, చూచిన యొక పాకవిధానమును సోదరీమణులకు నివేదింతుము.

అది పెద్ద గ్రుడ్డువంటి మూతపొయ్యి. జపానువారు అన్నము వండుకొను మట్టిపొయ్యిని రెండవ ప్రపంచయుద్ధానంతరము అమెరికా సైనికులు స్వదేశమునకు గొనిపోయిరి. ఎడ్ ఫిషర్ అనునాతడు 1974లో అట్లాంటాలో నిట్టివానిని అమ్మ నారంభించెను. ఇప్పటివి మిక్కిలి వేడిమి కోర్చు దళసరి పింగాణితో చేయబడును. అడుగున బొగ్గు, దానిపై నిప్పుసెగ సూటిగా తగులకుండ నొక పలక, ఆపై మాంసము. క్రింద నొక చిన్న ద్వారము, మీద నొక గవాక్షము కలవు. అగ్నిని వాయుసఖుడనిన పెద్దల మాట యిచ్చట ప్రత్యక్షము; గాలిని కొలిచి విడుచుటయే వేడిమిని కొలుచుట.

మఱునాటి మధ్యాహ్నమునకు ఇరువదిమంది అతిథులు రావలసియుండ, పొరుగింటి వృద్ధురాలు మా చెల్లెలికి నేర్పుటకై రాత్రి తొమ్మిది గంటలకే పందిభుజము నెక్కించెను. బొగ్గు నొకచోటనే రగిల్చి, తెల్లని దట్టపు పొగ పోయి పలుచనగువఱకు వేచెను; లేకున్న మాంసము చేదెక్కునట. సూది 200 ఫారన్‌హీటు డిగ్రీలు చూపగనే ద్వారములను సన్నని సందు మిగిల్చి మూసెను. అది మెల్లగా 225 కడ, అనగా 107 సెంటిగ్రేడు కడ, నిలిచెను. దళసరి గోడలు ఒకమాఱు మితిమీరి కాగినచో గంటలకొలది చల్లారవు. కావున వేడిమిని క్రిందినుండి ఎక్కించుకొనవలెనేగాని, మీదినుండి దింపజూడరాదు.

తెల్లవారుసరికి మాంసములోని వేడిమి 160 డిగ్రీలకు వచ్చి మూడు గంటలు కదలలేదు. “చుట్టములు వచ్చు వేళ యగుచున్నది, అక్కా! ద్వారము తెఱవనా?” యని మా చెల్లెలు తల్లడిల్లెను. వృద్ధురాలు వలదని వారించెను. చెమట యాఱునపుడు దేహము చల్లబడునట్లే, మాంసములోని తడి యావిరియై పోవుచు దానిని చల్లబఱచునట. ఆ తడి తగ్గిననాడే సూది కదలును. మాటిమాటికి మూత తెఱచిన ఆలస్యమేగాని లాభము లేదు. ఎనిమిది గంటలకు సూది కదలెను. పదునొకండింటికి 200 డిగ్రీలయ్యెను. గట్టి నరములు కరగి, యెముక తనంతట నూడివచ్చెను. దానిని గంటసేపు గుడ్డలతో చుట్టియుంచి వడ్డించిరి. శాకాహారులమగుటచే మేము రుచి చూడలేదు; అతిథులు మాత్రము మఱల మఱల నడిగి తినిరి.

కోడిమాంసమైనచో లోపల 165 డిగ్రీలు, అనగా 74 సెంటిగ్రేడు, కానిదే బిడ్డలకు పెట్టరాదు. మూత నొక్కుమ్మడి నెత్తిన మంట ముఖమునకు లేచును. ముందు కొంచె మెత్తి గాలి పోనిచ్చి పిదప తెఱవవలెను. పని ముగియగానే రెండు ద్వారములును మూసిన నిప్పారును. మిగిలిన బొగ్గు మఱునాటి వంటకు వచ్చును.