తప్పు పట్టండి చూద్దాం!

1919వ సంవత్సరం. వియన్నాలో ప్రసిద్ధ మానసిక వైద్యుడు ఆల్ఫ్రెడ్ ఆడ్లర్ పిల్లల కోసం నడిపే కేంద్రాల్లో ఓ పదిహేడేళ్ల కుర్రాడు సాయం చేస్తుండేవాడు. ఒకరోజు ఓ పిల్లాడి సంగతి ఆడ్లర్‌కు చెప్పాడు. అది ఆయన సిద్ధాంతానికి అంతగా అతకడం లేదని కుర్రాడి అనుమానం. ఆడ్లర్ మాత్రం పిల్లాణ్ని చూడకుండానే అంతా తన సిద్ధాంతం ప్రకారమే ఉందని తేల్చేశాడు. అదెలాగంటే, వెయ్యి కేసులు చూసిన అనుభవమన్నాడు. అయితే ఇప్పుడు వెయ్యిన్నొకటి అయిందన్నమాట అనేశాడు కుర్రాడు. అతని పేరు కార్ల్ పాపర్.

ఆ ఏడాదే మే 29న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. సూర్యుడి పక్కగా వచ్చే నక్షత్రకాంతి ఎంత వంగాలో ఐన్‌స్టీన్ ముందే లెక్కకట్టి చెప్పాడు. ఫొటోల్లో అలా కనిపించకపోతే సిద్ధాంతం మునిగినట్టే! నవంబరులో లండన్‌లో ఫలితాలు ప్రకటించారు. ఐన్‌స్టీన్ నెగ్గాడు. పాపర్‌ని కట్టిపడేసింది ఆ గెలుపు కాదు, ఓడిపోవడానికి సిద్ధపడిన తీరు. ఏం జరిగితే తాను తప్పో ముందే చెప్పగలిగేదే సైన్సు అని 1934 చివర్లో వచ్చిన తొలి పుస్తకంలో వాదించాడు. ఎటు జరిగినా నిజమయ్యేలా చెప్పే జోస్యాలను అందుకే సైన్సు కాదన్నాడు.

పాపర్ తల్లిదండ్రులు యూదు మూలాలవారు. హిట్లర్ నీడ కమ్ముకొస్తుండటంతో 1937లో భార్యతో కలిసి న్యూజిలాండ్ వెళ్లిపోయాడు. జాన్ ఎకల్స్ పరిచయమైంది అక్కడే. నాడీకణాల మధ్య సందేశం విద్యుత్ రూపంలో వెళుతుందా, రసాయనం ద్వారానా అన్నది అప్పట్లో పెద్ద వివాదం. ఎకల్స్ విద్యుత్ పక్షం. తన వాదం వీగిపోతోందని కుంగిపోతున్న ఆయనకు పాపర్ ఇచ్చిన సలహా విచిత్రమైంది: ఓడిపోవడం సిగ్గుచేటు కాదు, నీ సిద్ధాంతాన్ని ఇంకా పదునుగా చెప్పు, తప్పయితే ఇట్టే దొరికిపోయేలా చెప్పు! ఎకల్స్ అలాగే చేశాడు. 1951లో సన్నటి ఎలక్ట్రోడును నాడీకణంలోకే గుచ్చి చూస్తే తన అంచనాకు సరిగ్గా వ్యతిరేకంగా వచ్చింది. తన సిద్ధాంతాన్ని తనే పడగొట్టి రసాయన పక్షానికి మారిపోయాడు. నాడీకణాలపై పరిశోధనలకే 1963లో నోబెల్ అందుకున్నాడు.

అందరూ ఎకల్స్‌లా ఉండరు, ఉండనక్కర్లేదు కూడా. యురేనస్ లెక్క తప్పి తిరుగుతోందని న్యూటన్‌ని ఎవరూ వదిలేయలేదు. మరో గ్రహం ఉందేమోనని వెతికారు, 1846లో నెప్ట్యూన్ దొరికింది. ఒక్క దెబ్బకే సిద్ధాంతం పోదన్న విమర్శకుల మాటలో బలముంది.

మరి పాపర్ తన తప్పులు ఒప్పుకొనేవాడా? 1946 నుంచి లండన్ స్కూల్ ఆఫ్ ఎకనమిక్స్‌లో పాఠాలు చెప్పిన ఆయన, సెమినార్లలో ఎదుటివాళ్లని రెండు వాక్యాలు కూడా సాఫీగా చదవనిచ్చేవాడు కాదట. నియంతృత్వంపై ఆయన రాసిన ప్రఖ్యాత గ్రంథం పేరు ‘స్వేచ్ఛా సమాజం, దాని శత్రువులు’. దాన్ని రాసింది ఆ శత్రువుల్లో ఒకరేనని అక్కడ జోకు!

అయితే ఇంకో ముచ్చటా ఉంది. డార్విన్ ప్రకృతి వరణం పరీక్షకు నిలిచే సిద్ధాంతం కాదని పాపర్ చాలాకాలం అన్నాడు. జీవశాస్త్రవేత్తలు గట్టిగా అభ్యంతరపెట్టారు. 1977లో కేంబ్రిడ్జిలోని డార్విన్ కాలేజీ ఆయన్ని ఉపన్యాసానికి పిలిచింది. డెబ్బై అయిదేళ్ల పాపర్ ఆ వేదిక మీదే తన అభిప్రాయం మారిందని చెప్పాడు. పాత మాట వెనక్కి తీసుకునే అవకాశం వచ్చినందుకు సంతోషంగా ఉందన్నాడు.